లివర్‌పూల్ జైలు డాక్టరు లెక్క

‘పురిటి గది చరిత్ర’ ధారావాహిక – 9

పోయిన వారం లండన్ పురిటి గదుల్లో కాచే కాడిల్ దగ్గర ఆగాం. ఓట్స్ జావలో బీరో వైనో పోసి, పంచదార, మసాలా దినుసులు వేసి వేడివేడిగా ఇచ్చే పానీయం అది. మన ఇళ్ళలో బాలింతకు కాయం పెట్టినట్టే అక్కడ నొప్పులు పడే మనిషికీ, పురుడయ్యాక బాలింతకూ కాడిల్ ఇచ్చేవారు. చూడ్డానికి వచ్చిన అమ్మలక్కలకూ ఒక గ్లాసు దక్కేది. అందులో ఏదో తప్పు ఉందని ఆ కాలంలో ఎవరికీ తోచలేదు. బీరు ఒంటికి బలం అన్నది అందరూ నమ్మిన మాట. అనుమానం మొదట వచ్చింది సారా మీద, అంటే బట్టీ పట్టి తీసిన జిన్ను మీద.

1726లో లండన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ పార్లమెంటు దిగువసభకు ఒక వినతిపత్రం పంపింది. దాన్ని సభ ముందుంచిన జాన్ ఫ్రెండ్ స్వయంగా డాక్టరు, సభ్యుడు కూడా. జిన్ను తాగే తల్లిదండ్రులకు బలహీనులైన, రోగిష్టి పిల్లలు పుడుతున్నారనీ, అలాంటి పిల్లలు పెరిగి దేశానికి అండ కావడానికి బదులు భారమవుతారనీ ఆ డాక్టర్లు రాశారు. ఆ తర్వాత పాతికేళ్ళలో జిన్ను మీద చట్టాల మీద చట్టాలు వచ్చాయి. 1729లో ఒకటి, 1736లో ఒకటి, 1751లో మరొకటి. ఆ 1751లోనే విలియం హోగార్త్ ‘జిన్ లేన్’ బొమ్మ అచ్చువేశాడు. తాగిన మైకంలో మెట్ల మీద కూర్చున్న తల్లి ముక్కుపొడుం కోసం చెయ్యి చాపుతుంటే ఒళ్ళో బిడ్డ జారి కింద పడిపోతుంటుంది. దానికి జోడీగా వేసిన ‘బీర్ స్ట్రీట్’ బొమ్మలో అందరూ దిట్టంగా, ఎర్రగా, నవ్వుతూ ఉంటారు. సారా చెడ్డది, బీరు మంచిది. ఈ విభజన గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఇక్కడ చిన్న మాట. గర్భిణి తాగకూడదని ప్రాచీన గ్రీకులకే తెలుసునని చాలా పుస్తకాలు చెబుతాయి, ప్లేటోని సాక్ష్యంగా చూపిస్తాయి. ‘లాస్’ గ్రంథంలో ప్లేటో హెచ్చరించింది ప్రధానంగా బిడ్డ కోసం కలిసే వేళ దంపతులు మత్తులో ఉండటం గురించి. అది బీజం మంచి చెడ్డలకు సంబంధించిన ఆలోచన. తొమ్మిది నెలలూ తల్లి కడుపులో ఏం జరుగుతుందన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నను అంకెలతో అడగడానికి 19వ శతాబ్దం చివరిదాకా ఆగాల్సి వచ్చింది. అడిగిన చోటు కూడా ఎవరూ ఊహించనిది, ఒక జైలు.

విలియం చార్లెస్ సల్లివన్ లివర్‌పూల్ జైల్లో డాక్టరు. ఆ రేవు పట్నంలో తాగి తూలినందుకు, వీధిలో గొడవ చేసినందుకు శిక్ష పడిన ఆడవాళ్ళు ఆ జైలుకి వచ్చేవాళ్ళు. కొందరు విడుదలై వెళ్ళి మళ్ళీ వచ్చేవాళ్ళు. అలా వచ్చినవాళ్ళలో తాగుడు బాగా ముదిరిన 120 మందిని సల్లివన్ ఎంచుకున్నాడు. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగాడు: ఎన్ని కాన్పులయ్యాయి, ఎందరు పిల్లలు బతికారు, పోయినవాళ్ళు ఏ వయసులో పోయారు? 1899లో ‘జర్నల్ ఆఫ్ మెంటల్ సైన్స్’లో ఆ లెక్క అచ్చయింది.

ఆ 120 మంది కన్న పిల్లలు 600 మంది. అందులో 335 మంది చనిపోయి పుట్టారు, లేదా రెండేళ్ళు నిండకుండానే పోయారు. అంటే నూటికి 55.8. ఈ అంకె ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే దానికి పెద్ద విలువ ఉండేది కాదు. పేదరికం, చలి, ఇరుకు గదులు, విరేచనాలు ఉన్న ఊళ్ళో తాగని తల్లుల పిల్లలూ చనిపోతూనే ఉన్నారు. ఈ సంగతి సల్లివన్‌కి తెలుసు. అందుకని అదే ఖైదీల బంధువుల్లో తాగుడు అలవాటు లేని ఆడవాళ్ళను వెతికాడు. అక్కచెల్లెళ్ళు, కూతుళ్ళు, అదే రక్తం, ఇంచుమించు అదే బతుకు. అలాంటివాళ్ళు 28 మంది దొరికారు. వాళ్ళ పిల్లలు 138 మంది, పోయినవాళ్ళు 33 మంది. నూటికి 23.9. ఒకే కుటుంబంలో తాగే అక్క బిడ్డలకూ తాగని చెల్లెలి బిడ్డలకూ మధ్య చావు రెట్టింపుకి మించి తేడా చూపించింది.

ఆయన అక్కడితో ఆపలేదు. కాన్పుల వరస ప్రకారం విడగొట్టి చూశాడు. తొలి కాన్పు బిడ్డల్లో పోయినవాళ్ళు మూడోవంతు. రెండో కాన్పుకి సగం. అలా పెరుగుతూ పోయి ఆరో కాన్పు నుంచి పదో కాన్పు దాకా చూస్తే నూటికి 70 పైచిలుకు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ తల్లుల తాగుడు ముదిరింది. దానితోపాటే పిల్లల చావులూ పెరిగాయి. తండ్రి తాగుబోతా కాదా అన్నది ఫలితాన్ని అంతగా మార్చలేదని కూడా ఆయన గమనించాడు.

ఇంత చెప్పినా ఒక అభ్యంతరం మిగులుతుంది. తాగిన తల్లి బిడ్డకు వేళకు పాలివ్వదు, మత్తులో పక్కలో ఉన్న పసికందు మీదికి దొర్లుతుంది. ఆ రోజుల్లో ఇంగ్లండులో అలాంటి చావులు చాలానే నమోదయ్యేవి. మరి ఇది కడుపులో జరిగిన నష్టమా, ఒళ్ళో జరిగిన నష్టమా? దీనికి జవాబు సల్లివన్ పనిచేసే చోటే దొరికింది. వరసగా బిడ్డల్ని పోగొట్టుకున్న కొందరు ఆడవాళ్ళు గర్భంతో ఉండగా జైలుకి వచ్చారు. గర్భం మొదట్లోనే శిక్ష పడి, నెలల తరబడి చుక్క దొరకని తల్లికి పుట్టిన బిడ్డ బతికింది. ఆ తల్లి గుణం మారలేదు, వంశం మారలేదు. ముఖ్యంగా మారింది రక్తంలో మద్యం ఉండటమే. నాకు తెలిసినంతలో, గర్భిణి తాగుడు గురించి అంతకు ముందు రాసిన వాటిల్లో దేనికీ ఇంత తేటైన తర్కం లేదు. జైలు ఆమెకు శిక్షే, అయినా ఆ శిక్ష పుణ్యాన ఒక ప్రయోగం దానంతట అదే జరిగిపోయింది.

ఈ పని తర్వాత ఏమైందన్నదే ఈ భాగంలో అసలు కథ. అప్పుడే తల్లులకు హెచ్చరిక వెళ్ళి ఉండాలి. వెళ్ళలేదు.

సల్లివన్ వ్యాసానికి ఒక ఏడాది ముందే, 1898లో బ్రిటన్ ఇనీబ్రియేట్స్ యాక్ట్ తెచ్చింది. తాగుడుకు బానిసైన నేరస్థుల్ని సంస్కరణాలయాల్లో ఏళ్ళ తరబడి ఉంచే చట్టం అది. దేశంలో తాగేవాళ్ళలో మగవాళ్ళే ఎక్కువ, ఆ సంస్కరణాలయాలకు వెళ్ళినవాళ్ళలో మాత్రం ఎక్కువమంది ఆడవాళ్ళు. చాలామంది మీద మోపిన నేరం పిల్లల్ని సరిగా చూసుకోకపోవడం. జాతి క్షీణిస్తోందని భయపడే ఉపన్యాసకులు సల్లివన్ అంకెల్ని పట్టుకుని వేదికలెక్కారు. ఒక డాక్టరు జాగ్రత్తగా వేసిన లెక్క ఆడవాళ్ళ మీద దుమ్మెత్తిపోసే ప్రచారంలో కలిసిపోయింది. దానితో ఆ ప్రచారం నచ్చని మేధావులకు లెక్క మీదే నమ్మకం పోయింది.

1910లో లండన్‌లోని గాల్టన్ ప్రయోగశాల నుంచి ఎథెల్ ఎల్డర్టన్, కార్ల్ పియర్సన్ ఒక పుస్తకం తెచ్చారు. పియర్సన్ అంటే ఆ కాలపు గణాంకశాస్త్రానికి పెద్ద దిక్కు. ఎడిన్‌బరో, మాంచెస్టర్ కుటుంబాల వివరాలు తీసుకుని, తల్లిదండ్రుల తాగుడు పిల్లల ఎత్తు, బరువు, తెలివి మీద చెప్పుకోదగ్గ ప్రభావమేమీ చూపడం లేదని తేల్చారు. మద్యనిషేధం కోరేవాళ్ళు మండిపడ్డారు. ఎకనమిస్టు జాన్ మేనార్డ్ కీన్స్ కూడా కలం పట్టి, పోల్చడానికి ఎంచుకున్న కుటుంబాలే సరైనవి కావని పియర్సన్‌తో వాదానికి దిగాడు. ఆ వాదం చాలా దూరం వెళ్ళింది.

ఆ పుస్తకంలో నన్ను ఇప్పటికీ కుదిపే వాక్యం వేరొకటి ఉంది. తాగే తల్లుల పిల్లలు ఎక్కువమంది చనిపోతున్నారని వాళ్ళకీ కనబడింది. రోజూ తాగే తల్లుల కంటే, అప్పుడప్పుడు ఒక్కసారిగా విపరీతంగా తాగే తల్లుల పిల్లల్లో చావులు ఎక్కువని కూడా కనబడింది. కనుక దీనికి ప్రధాన కారణం ప్రమాదాలు, అజాగ్రత్త అని వాళ్ళు తీర్మానించారు. మద్యం విషప్రభావం ఏమైనా ఉంటే అది కొంచెమే అన్నారు. ఇవాళ ఏ గర్భస్థ శిశు నిపుణుడికి ఈ అంకెలు చూపించినా మొదట వేరే అనుమానం వస్తుంది. ఒకేసారి ఎక్కువ తాగితే తల్లి రక్తంలో మద్యం ఎత్తుకు లేస్తుంది, పిండం మెదడుకి అన్నిటికంటే ప్రమాదం ఆ ఎత్తే. కావలసిన ఆధారం పియర్సన్ బల్ల మీదే ఉండి ఉండొచ్చు, ఆయన దాన్ని అజాగ్రత్త పద్దు కింద రాసుకున్నాడు.

అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం నడిచింది, విఫలమైంది. ఆ తర్వాత మద్యానికి వ్యతిరేకంగా ఏ మాట అన్నా అది పాత నిషేధవాదుల గోల అనిపించుకునే రోజులొచ్చాయి. 1942లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన హగార్డ్, జెల్లినెక్ రాసిన ప్రసిద్ధ పుస్తకం కూడా ఆ పాత భయాలను పక్కకు నెట్టింది. తాగే తల్లుల పిల్లల్లో లోపాలకు తిండి, ఇంటి పరిస్థితి వంటివే కారణాలన్నది డాక్టర్లలో స్థిరపడిన అభిప్రాయం. ఐర్లండ్, బ్రిటన్‌లలో గర్భిణులకూ బాలింతలకూ ఇనుము, బలం అంటూ గిన్నిస్ బీరు తాగమనేవారు. ఆ కంపెనీ 1929లో మొదలుపెట్టిన ప్రకటనే గిన్నిస్ ఒంటికి మంచిది అని. హోగార్త్ గీసిన గీత దాదాపు రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా చెరగలేదు.

డాక్టర్లకు ఇంకో ధీమా కూడా ఉండేది. మావి గోడలాంటిదని, తల్లి ఒంట్లోని చెడు దాన్ని దాటి బిడ్డకు చేరదని చాలామంది అనుకునేవాళ్ళు. 1941లో ఆస్ట్రేలియా కంటి డాక్టరు నార్మన్ గ్రెగ్, తల్లికి గర్భంలో రుబెల్లా సోకితే బిడ్డ కళ్ళలో శుక్లాలు వస్తున్నాయని చూపించాడు. 1961లో థాలిడోమైడ్ విషాదం బయటపడి ఆ ధీమాను పూర్తిగా కూల్చింది. మద్యం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ పాఠం అందలేదు. పైగా సరిగ్గా ఆ దశకంలోనే మద్యం ప్రసూతి వార్డులోకి మందుగా అడుగుపెట్టింది.

ఫ్రిట్స్ ఫుక్స్ డెన్మార్క్ డాక్టరు. కోపెన్‌హేగన్‌లో పోవెల్ రీస్‌తో కలిసి ఉమ్మనీటి కణాల నుంచి శిశువు లింగం తెలుసుకునే పద్ధతి కనిపెట్టినవాళ్ళలో ఒకడు. 1960లలో న్యూయార్క్ కార్నెల్ వైద్య కళాశాలకు వచ్చాడు. మద్యం మెదడులోని పిట్యూటరీ గ్రంథి నుంచి ఆక్సిటోసిన్ విడుదలను అణిచివేస్తుందని, ఆక్సిటోసిన్ తగ్గితే నొప్పులు తగ్గుతాయని కుందేళ్ళ మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. ఆ పనిలో ఆయన భార్య ఆన్నా-రీటా ఫుక్స్ పాత్ర పెద్దది. నెలలు నిండకుండా నొప్పులు మొదలైన గర్భిణులకు ఇదే ఇస్తే? 1967లో ఫలితాలు అచ్చయ్యాయి. కొద్ది ఏళ్ళలోనే ఈ పద్ధతి అమెరికాలోనూ బయటా ప్రసూతి వార్డుల్లో మామూలైపోయింది.

గ్లూకోజు సీసాలో సుమారు 10 శాతం మద్యం కలిపి నరంలోకి ఎక్కించేవారు. మొదటి రెండు గంటలు వేగంగా, తర్వాత గంటల తరబడి నెమ్మదిగా. ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో ఉన్న మనిషి, ఎన్నడూ తాగని మనిషి, ఆసుపత్రి మంచం మీద పూర్తిగా మత్తులో పడిపోయేది. కొందరు బిగ్గరగా నవ్వేవాళ్ళు, కొందరు వెక్కి వెక్కి ఏడ్చేవాళ్ళు. వాంతులు, తలనొప్పి, పక్క తడిపేసుకోవడం. నర్సు పక్కనే కూర్చుని మంచం మీంచి పడకుండా, వాంతి గొంతుకు అడ్డం పడకుండా చూసుకోవాలి. మందు పనిచెయ్యక బిడ్డ బయటికి వచ్చేస్తే ఆ బిడ్డ రక్తంలోనూ మద్యం ఉండేది. ఆ డాక్టర్లను నేను దోషులనను. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను కాపాడే యంత్రాలు అప్పట్లో అంతంతమాత్రం, నొప్పులు ఆపడానికి వేరే మందులూ తక్కువే. కానీ 1899 నాటి వ్యాసం వైద్య గ్రంథాలయాల అరల్లో ఉంటుండగానే వార్డులో ఆ సీసా వేలాడింది. వేరే మందులు వచ్చాక, 1980 ప్రాంతానికి ఆ పద్ధతి మరుగున పడింది.

ఆ సీసాలు వేలాడుతున్న రోజుల్లోనే ఫ్రాన్స్‌లోని నాంత్ నగరంలో పాల్ లెమ్వాన్ అనే పిల్లల డాక్టరు 127 మంది పిల్లల వివరాలు పోగుచేశాడు. అందరూ తాగే తల్లిదండ్రుల పిల్లలే. వాళ్ళ ముఖాలు ఒకదానికొకటి ఎంతగా పోలి ఉన్నాయంటే, బిడ్డ ముఖం చూసి తల్లి అలవాటు పోల్చుకోవచ్చని ఆయన గ్రహించాడు. 1968లో ‘వెస్ట్ మెడికాల్’ అనే ప్రాంతీయ పత్రికలో, ఫ్రెంచిలో రాశాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

అదే కాలంలో అమెరికాలోని సియాటిల్‌లో క్రిస్టీ ఉలెలాండ్ పిల్లల వైద్యంలో శిక్షణలో ఉంది. సరిగా బరువు పెరగని పసివాళ్ళను చూస్తూ ఆమె ఒక పని చేసింది. తల్లుల వివరాలూ తీసింది. తాగుడుకు బానిసలైన తల్లులు మళ్ళీ మళ్ళీ కనిపించారు. సల్లివన్ 70 ఏళ్ళ కింద అడిగిన ప్రశ్నే ఆమె మళ్ళీ అడిగింది, ఆయన పేరు తెలిసి కాదు. పుట్టు లోపాల్ని గుర్తించడంలో దిట్ట అయిన డేవిడ్ స్మిత్, ఆయన దగ్గర పనిచేస్తున్న కెన్నెత్ లయన్స్ జోన్స్ ఆ పిల్లల్ని చూశారు. తాగే తల్లుల పిల్లలు ఎనిమిది మందిని పరిశీలిస్తే నలుగురిలో ఒకే పోలిక కనబడింది. చిన్న కంటి చీలికలు, చిన్న తల, ముక్కుకీ పై పెదవికీ మధ్య ఉండాల్సిన గాడి చదునుగా ఉండటం, పలచని పై పెదవి. ఆ లక్షణాలే ఇవాళ్టికీ డాక్టర్లు వెతికేవి. మానసిక శాస్త్రవేత్త ఆన్ స్ట్రైస్‌గుత్ ఆ పిల్లల ఎదుగుదలను పరీక్షించింది. మూడు వేర్వేరు జాతుల పిల్లలు, ఒకరికొకరు బంధువులు కారు. 1973 జూన్‌లో ఈ నలుగురు పరిశోధకుల పేర్లతో ‘లాన్సెట్’లో వ్యాసం వచ్చింది. అదే ఏడాది ఆఖర్లో జోన్స్, స్మిత్ దీనికి ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు.

పేరు పడ్డాక పరిశోధన ఊపందుకుంది. 1981లో నార్త్ కెరొలైనాలో కేథ్లీన్ సూలిక్ బృందం చూడి ఎలుకలకు ఒక్క రోజు మద్యం ఇచ్చి పిల్లల్లో అవే ముఖ లక్షణాలు తెప్పించింది. మనుషుల్లో అది గర్భం మూడో వారానికి సమానం. నెల తప్పిందో లేదో తల్లికి ఇంకా తెలియని రోజులవి. తల్లి రక్తంలో ఎంత గాఢత ఉంటే దాదాపు అంతే గాఢతలో మద్యం పిండం రక్తంలోకి చేరుతుంది. పిండం కాలేయానికి దాన్ని విరిచే శక్తి రాలేదు. 1981లోనే అమెరికా సర్జన్ జనరల్ గర్భిణులు మద్యం ముట్టొద్దని సలహా ఇచ్చాడు. 1988 చట్టంతో ఆ హెచ్చరిక సీసాల మీదికి ఎక్కింది. బ్రిటన్ ప్రధాన వైద్యాధికారులు వారానికి ఒకటి రెండు సార్లు కొంచెం పర్వాలేదన్న మాట వదిలి, అసలు వద్దని చెప్పింది 2016లో. 2017లో వచ్చిన ఒక అంతర్జాతీయ అంచనా ప్రకారం ప్రపంచంలో గర్భిణుల్లో నూటికి 10 మంది దాకా ఏదో ఒక మోతాదులో తాగుతున్నారు, ఐరోపాలో నూటికి 25 మంది.

మన సంగతి చెప్పకుండా ఈ భాగం ముగించలేను. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 ఏళ్ళు పైబడిన ఆడవాళ్ళలో నూటికి 6.7 మంది మద్యం తీసుకుంటామని చెప్పారు, పల్లెల్లో 9 మంది. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి సగం మనిషి. ఇది మొత్తం ఆడవాళ్ళ లెక్క, గర్భిణులది విడిగా కాదు. తెలంగాణ పల్లెల్లో ఆడవాళ్ళు తాగేదంటే చాలావరకు కల్లే. పొద్దున్నే దింపిన నీరా తియ్యగా ఉంటుంది, ఎండెక్కేకొద్దీ పులిసి బీరుతో సమానమైన ఘాటుకు చేరుతుంది. సారా చెడ్డది, కల్లు చలవ అనే మాట మన దగ్గర ఎంత గట్టిగా నిలిచిందో, సారా చెడ్డది, బీరు బలం అనే మాట ఇంగ్లండులో అంత గట్టిగానూ నిలిచింది. దాన్ని వదిలించుకోవడానికి వాళ్ళకు రెండున్నర శతాబ్దాలు పట్టింది. మన దేశంలో మద్యం సీసా మీద ఉండాల్సిన హెచ్చరిక ఆరోగ్యానికి హానికరమనీ, తాగి బండి నడపొద్దనీ చెబుతుంది. గర్భిణి ప్రస్తావన లేదు. ఇక కల్లు కాంపౌండులో లొట్టి మీద ఏ హెచ్చరిక ఉంటుంది? అంగన్‌వాడీకి వచ్చిన గర్భిణిని ఆశా కార్యకర్త రక్తహీనత గురించి అడిగినంత మామూలుగా, తిట్టకుండా, కల్లు గురించి కూడా అడగాలి. తిడతారని భయపడ్డ తల్లి నిజం చెప్పదు. సల్లివన్‌కీ ఉలెలాండ్‌కీ ఆ తల్లులు చెప్పబట్టే మనకు ఈ మాత్రం తెలిసింది.

వచ్చే వారం దక్షిణాఫ్రికా వెళ్దాం. అక్కడి వెస్టర్న్ కేప్ ద్రాక్ష తోటల్లో కూలిలో కొంత భాగం డబ్బుకు బదులు వైన్‌గా ఇచ్చే ‘డాప్’ పద్ధతి తరాల పాటు నడిచింది. 1990లలో వెల్లింగ్టన్ పట్నం బళ్ళలో ఒకటో తరగతి పిల్లల్ని పరీక్షించినప్పుడు వెయ్యిమందికి 40కి పైగా పిల్లల్లో ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ బయటపడింది.